మేడ మీద జాలీ

జూన్ 5, గురువారం

మధ్యాహ్నం అనురాధ మేడమ్ ఫోన్ చేసింది. తిట్టాలన్నా పొగడాలన్నా చాట్‌లోనే కానిచ్చే మనిషి. ఫోన్ మోగి ఆవిడ పేరు కనిపించగానే నా ఉద్యోగం ఊడిందనుకున్నాను. మా కంపెనీలో ఊడే ముందు ఫోన్లే వస్తాయి మరి.

ఊడలేదు. జులై నుంచి కొత్త టీమ్ పెడుతున్నారట. దానికి లీడ్‌గా నన్ను అనుకుంటున్నారట.

"కానీ ఒకటి సుచరితా. ఇది మార్కాపురంలో కూర్చుని చేసే పని కాదు. హైదరాబాద్ వచ్చేయాలి, రోజూ ఆఫీసుకు రావాలి. ఇరవై మూడు, సోమవారం. ఆ లోపల అవుననో కాదనో చెప్పు. కాదంటే ఏం మునిగిపోదు, ఇప్పుడు చేస్తున్నదే చేసుకుంటూ ఉంటావు. మళ్ళీ ఇలాంటిది ఎప్పుడొస్తుందో మాత్రం నేను చెప్పలేను" అంది.

ఇప్పుడు చేస్తున్నదంటే, పెళ్ళైన ఈ మూడేళ్ళుగా అత్తగారింట్లో మేడ మీది గదిలో కూర్చుని, ఎవరో రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతికి, వాళ్ళకే తిప్పి పంపడం. లీడ్ కావాలని పెళ్ళికి ముందు హైదరాబాద్‌లో ఉన్నప్పటి నుంచీ అనుకునేదాన్ని. ఇక్కడికొచ్చాక అనుకోవడం మానేశాను.

సాయంత్రం శ్రీకాంత్ ఫ్యాక్టరీ నుంచి రాగానే చెప్పాను. పలకరాయి కోసి టైల్స్ చేసే ఫ్యాక్టరీ, ఆయనా మామా కలిసి నడుపుతారు. ఒంటి నిండా దుమ్ముతో గుమ్మంలోనే నిలబడి విన్నాడు. "మంచిదే కదా సుచీ. నీ ఇష్టం" అన్నాడు.

అత్తమ్మ వంటింట్లోంచే, "నీ ఇష్టం పాపా. మేమెవరం వద్దనేదానికి" అంది. మామ టీవీ సౌండు పెంచుకుంటూ, "ఆఁ, పాప ఇష్టమే" అన్నాడు.

ఎంత మంచివాళ్ళు! మా గిద్దలూరులో నాతో చదువుకున్న వాళ్ళను చూస్తే ఒక్కొక్కరిదీ ఒక్కో గోల. వీళ్ళు ముగ్గురూ ఒక్క మాట కూడా వద్దనలేదు. తర్వాత ముగ్గురూ అన్నాలు తిన్నారు. ఆ సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

నాకేం పోవాలని లేదు. ఊరికే చెప్పాను, ఇంట్లో దాచడం ఎందుకని.

జూన్ 6, శుక్రవారం

పోవాలని లేదు.

జూన్ 7, శనివారం

కోతులు పడ్డాయి. ఈ ఎండలకు నల్లమలలో గుక్కెడు నీళ్ళు లేక ఊరి మీదికి వస్తున్నాయి. కాఫీ తెచ్చుకుందామని కిందికి దిగి వచ్చేసరికి నా గది నిండా అవే. ఒకటి దర్జాగా నా కుర్చీలో కూర్చుంది, ల్యాప్‌టాప్ వైపు తిరిగి మరీ. ఇంకోటి హెడ్‌ఫోన్ మెడలో వేసుకుని పిట్టగోడ ఎక్కింది. ఇంటర్నెట్ వైరు కొరికేశాయి. నేను "ష్ ష్" అంటే పళ్ళు చూపించాయి.

అత్తమ్మ కర్ర తీసుకుని వచ్చింది. యర్రగొండపాలెం పక్కన గొర్రెల మందలున్న ఇంట్లో పుట్టి పెరిగిన మనిషి, తోడేళ్ళను అదిలించిన గొంతు. ఒక్క కేక వేసింది, ఒక్కటి మిగల్లేదు.

"నీ కుర్చీలో కూచున్నది పనిమంతురాలి మాదిరే ఉన్నింది పాపా. దాన్ని పంపిచ్చకూడదా హైదరాబాద్‌కి, నీకు బదులు" అంది.

నవ్వాను. అందరం నవ్వాం.

శ్రీకాంత్ వైరు చూసి, "ఇట్ల కుదరదు. మేడ మొత్తానికి, చుట్టూ, పైనా ఇనుప జాలీ కొట్టిస్తా. కోతి కాదు గదా, కాకి కూడా రాదు. నువ్వు నిమ్మళంగా పని చేసుకో" అన్నాడు.

మూడేళ్ళుగా మొత్తుకుంటున్నాను ఆ జాలీ కోసం. ఇప్పటికి తీరుబడైంది. మంచిదే.

జూన్ 8, ఆదివారం

కంభం చెరువుకు పోయొచ్చాం. ఆదివారం ఇంట్లో పడుకుని లేచే శ్రీకాంత్ పొద్దున్నే స్నానం చేసి, "పదండి, సుచికి గాలి మార్పు ఉంటది" అని కారు తీశాడు. అత్తమ్మ కోడికూర వండి గిన్నెకు గుడ్డ కట్టింది.

చెరువులో నీళ్ళు బాగా లోపలికి పోయాయి. కట్ట మీద గాలికి నా చున్నీ నిలవలేదు. శ్రీకాంత్ చేతులు చాపి, "హైదరాబాద్‌లో ఎవనికుంది ఇంత గాలి?" అన్నాడు. "అక్కడ తాగే నీళ్ళు కూడా కొనాల్సిందేనంట" అంది అత్తమ్మ. "ఆ ట్రాఫిక్‌లో మనిషి సగం ఆయుష్షు రోడ్డు మీదనే పోతది" అన్నాడు మామ, పోయిన సంవత్సరం ఒక్కసారి పెళ్ళికి పోయొచ్చిన మనిషి.

మా ఇంట్లో హైదరాబాద్ గురించి ఇంతసేపు మాట్లాడుకోవడం ఇదే మొదలు. నేను పోతానా పోనా అని మాత్రం ఎవరూ అడగలేదు. అడిగితే చెబుదామని కోడికాలు కొరుక్కుంటూ కూర్చున్నాను. ఏం చెప్పేదాన్నో తెలియదు. కూర బాగుంది.

జూన్ 10, మంగళవారం

జాలీ పని మొదలైంది. వెల్డింగు చేసేది ఆదెయ్య, అత్తమ్మ పుట్టింటి వైపు మనిషి. ఆమెను అక్కా అంటాడు. ఊళ్ళల్లో గొర్రెల దొడ్లకూ పశువుల కొట్టాలకూ తలుపులు చేసేవాడు, ఈ మధ్య కోతుల పుణ్యమా అని టౌన్లో చేతినిండా పని దొరికింది.

నేను క్లయింటుతో మాట్లాడుతుంటే వెనక ఇనుము కోస్తున్నారు. అటువైపు ఆయన, "మీరు యుద్ధంలో ఉన్నారా?" అని అడిగాడు. కోతుల గురించి చెప్పాను. నమ్మలేదు.

ఆదెయ్య టీ తాగుతూ అత్తమ్మతో, "గట్టిగా కొడతాండలే అక్కా. రేపు పిల్లోళ్ళు పుట్టి మేడ మీద ఆడుకున్నా కింద పడరు. ఒక ఖర్చుకు రెండు పనులు" అన్నాడు. అత్తమ్మ నా వైపు చూసి ముసిముసిగా నవ్వింది. పిల్లల మాట ఆమె ఎప్పుడూ నేరుగా ఎత్తదు. చుట్టూ ఉన్న వాళ్ళు ఎత్తుతుంటే వినిపించేలా కూర్చోబెడుతుంది.

జూన్ 11, బుధవారం

చెప్పలేదు.

జూన్ 12, గురువారం

ఈ రోజు స్నానం చేసి వచ్చేసరికి అత్తమ్మ నా కుర్చీ అంచున కూర్చుని, మౌస్ మీద రెండు వేళ్ళు పెట్టి మెల్లగా తిప్పుతోంది. చాట్‌లో నా పేరు పక్కన పచ్చచుక్క ఉంటుంది. కాసేపు ముట్టకపోతే పసుపురంగుకు మారుతుంది, మనిషి లేదని తెలిసిపోతుంది. ఎప్పుడో ఒకసారి చెప్పాను. అప్పటి నుంచి నేను స్నానానికి పోయినా, తల దువ్వుకున్నా ఆమే వచ్చి చుక్క కాపాడుతుంది. ఒక చేత్తో మౌస్, ఇంకో చేతిలో చిక్కుడుకాయలు.

"పచ్చగానే ఉంది పాపా. రెప్ప వాల్చకుండా చూసినా" అంది.

ఈమెను వదిలి ఎట్లా పోను? కాదు, అసలు పోవడం గురించి ఎవరు మాట్లాడుతున్నారు ఇప్పుడు. పోవడం లేదు. అనురాధ మేడమ్‌కు రేపు చెప్పేస్తాను.

జూన్ 13, శుక్రవారం

చెప్పలేదు. మేడమ్ సెలవులో ఉంది. చాట్‌లో చెప్పొచ్చు గానీ, అది పద్ధతి కాదు.

జాలీ పూర్తయింది. మెట్లు ఎక్కగానే ఇనుప తలుపు, దానికి గడియ. ఆ గడియ మెట్ల వైపు పెట్టాడు ఆదెయ్య. అంటే నేను లోపల, గడియ బయట. అత్తమ్మ టీ ఇచ్చి, దిగేటప్పుడు కోతులొస్తాయని గడియ వేసుకుని పోయింది. నేను భోజనానికి దిగుదామని వస్తే తలుపు రాదు. కింద టీవీ మోగుతోంది. ఎంత పిలిచినా ఎవరికీ వినపడదు. అవతల పక్కింటి మిద్దె మీద ఆ కోతులే కూర్చుని నన్ను చూస్తున్నాయి. ఫోన్ చేస్తే మామ ఎత్తి, "యాడున్నావు పాపా?" అన్నాడు. మేడ మీద, అన్నాను. "మేడ మీది నుంచి ఫోన్ ఎందుకు, దిగి రాకూడదా?" అన్నాడు.

సాయంత్రం ఆదెయ్యను అడిగాను.

"దొడ్డి తలుపుకు గడియ బయటనే కదమ్మా ఉండేది. లోపల పెడితే గొర్రె తీసుకుంటదా?" అన్నాడు. అని నాలుక కరుచుకున్నాడు. "అలవాటులో పడిపోయినా పాపా. తర్లుపాడులో పని ఒప్పుకున్నా, అది అయినాక వచ్చి మారుస్తా."

శ్రీకాంత్ పడీ పడీ నవ్వాడు. నేనూ నవ్వాను. ఏడుపు మొహం పెట్టుకోవడానికి ఇందులో ఏముంది.

వంటింట్లోంచి అట్లకాడ ఒకటి తెచ్చి గదిలో పెట్టుకున్నాను. జాలీ సందులోంచి దాని కాడ దూర్చి, కొంచెం ఒడుపుగా తోస్తే గడియ జరుగుతుంది. ఇంజినీరింగు చదివింది ఇందుకే.

జూన్ 15, ఆదివారం

గది మొత్తం మారిపోయింది. శ్రీకాంత్ ఫ్యాక్టరీ నుంచి పచ్చఛాయ ఉన్న పలకరాయి ఏరి తెచ్చి నేల పరిపించాడు. తనే కూర్చుని అంచులు సరిచేశాడు. పోయిన యేడు కారిన చోట పైకప్పుకు కొత్త పూత. ఏసీ పెట్టించాడు. బల్ల మార్చాడు. కిటికీ పక్కన నాకు నడుము నొప్పి రాకుండా పెద్ద కుర్చీ. అన్నీ అయ్యాక చేతులు కడుక్కుని వచ్చి, "ఎట్ల ఉంది మేడమ్ గారూ, మీ ఆఫీసు?" అన్నాడు. ముక్కు మీద సిమెంటు.

బాగుంది అన్నాను. నిజంగానే బాగుంది. మూడేళ్ళు చెమటలు కక్కుతూ పని చేశాను ఇక్కడ. ఒక్కొక్కటీ ఎన్నిసార్లు అడిగానో. నేను ఇరవై మూడు లోపల చెప్పాలని ఆయనకు తెలుసు. ఒక్క మాట అడగొచ్చు కదా, సుచీ, ఏమనుకున్నావు అని. అడగడు. మేకు కొడతాడు. ఇంకో మేకు కొడతాడు.

ఇంత చేయించాక పోతానని ఏ నోటితో చెప్పను?

కుర్చీలో కూర్చుని చూశాను. మెత్తగా ఉంది. చాలాసేపు లేవబుద్ధి కాలేదు.

జూన్ 17, మంగళవారం

అనురాధ మేడమ్ అడిగింది. "ఇంట్లో మాట్లాడుతున్నాం మేడమ్" అన్నాను. ఎవరు మాట్లాడుతున్నారు? ఈ ఇంట్లో ఆ విషయం తప్ప అన్నీ మాట్లాడుతున్నారు. కంది పప్పు, కరెంటు కోత, పక్కింటి నాగమల్లేశ్వరమ్మ గారి కొత్త బోరు.

అమ్మకు ఫోన్ చేశాను గిద్దలూరుకు. అమ్మ అయినా ఒక మాట తెగేసి చెబుతుందని. "నీ ఇష్టం అమ్మీ. కానీ అట్లాంటి అత్త నీకు యాడ దొరుకుతది, ఆలోచించుకో" అంది.

నీ ఇష్టం, నీ ఇష్టం! ఒక్కరైనా వద్దంటే కాళ్ళావేళ్ళా పడో, పోట్లాడో ఏదో ఒకటి చేసేదాన్ని. తలుపు తెరిచే ఉందంటారు, గడప నిండా కూర్చుంటారు.

జూన్ 18, బుధవారం

మధ్యాహ్నం పని లేక, ఊరికే, ఆఫీసు దగ్గర లేడీస్ హాస్టళ్ళు చూశాను. ఊరికే చూశాను. ఒకదాంట్లో కిటికీ బయట వేపచెట్టు ఉంది. బీరువా అడుగున నా పాత ఆఫీసు బ్యాగు కూడా ఎక్కడుందో చూశాను. జిప్పు పోయింది. కోమటిబజారులో బాగు చేయించొచ్చు. దేనికో ఒకదానికి పనికొస్తుంది కదా బ్యాగు.

అత్తమ్మ రెండు రోజులుగా సరిగా తినడం లేదు. బీపీ మాత్ర వేసుకున్నావా అత్తా అంటే, "వేసుకున్నాలే" అంటుంది, మొహం చూడదు.

జూన్ 19, గురువారం

రేపు చెప్తాను. శ్రీకాంత్‌కే ముందు. పోతున్నాను అని. వారం వారం వస్తాను అని. నాకు కావాలి అని. అద్దం ముందు ఒకసారి అనుకుని చూశాను, గొంతు నాది కాదేమో అన్నట్టు ఉంది.

జూన్ 20, శుక్రవారం

చెప్పలేదు. నేను నోరు తెరిచేలోపలే శ్రీకాంత్, "రేపు నెమలిగుండం గుడికి పోతాన్నాం, అందరం. అమ్మకు మొక్కుందంట" అన్నాడు. అత్తమ్మ మొహం కళకళలాడుతోంది. రాత్రి నుంచి రెండేసి ముద్దలు ఎక్కువ తింటోంది.

ఆ గుళ్ళో స్వామి దర్శనం శనివారం ఒక్కరోజే. రేపు పోయి రానీ. వచ్చాక చెప్తాను. సోమవారం దాకా టైముంది.

జూన్ 21, శనివారం

అత్తమ్మకు గుండు.

జూన్ 22, ఆదివారం, పొద్దున

నిన్న రాయడానికి చెయ్యి రాలేదు.

గిద్దలూరు దాటి, రాచర్ల మీదుగా అడవిలోకి పోయాం. దారి పొడుగునా అత్తమ్మ పాటలు. గుడి దగ్గర కారు దిగగానే ఆమె మంగలాయన దగ్గరికి పోయి కూర్చుని, ముడి విప్పింది. నేను పరుగెత్తాను. మూడు కత్తెర్లేమో ఇస్తుందనుకున్నాను. "మొత్తం తియ్యి నాయనా" అంది. ఆమె జుట్టు నడుము దాటి ఉంటుంది. ఆదివారాలు నేనే నూనె పెడతాను. అక్కడక్కడ నెరిసినా ఆ పొడుగు మాత్రం తగ్గలేదు. వీధిలో ఆడవాళ్ళంతా దాని గురించి అడుగుతారు, ఈమె కుంకుడుకాయ గొప్పలు చెబుతుంది. అదంతా ఒళ్ళో కుప్ప పడింది.

పిల్లల మొక్కే అనుకున్నాను. ఒళ్ళు మండింది. గుడి పక్క గుండం ఒడ్డున కూర్చోబెట్టి గుండుకు గంధం రాస్తూ, "పిల్లలు పుట్టందే మొక్కు ముందే తీర్చేస్తే ఎట్లా అత్తా?" అన్నాను, కొంచెం వెటకారంగానే.

ఆమె నవ్వింది. "ఆ మొక్కు వేరే ఉందిలే. ఇది నువ్వు హైదరాబాద్ పోగూడదని మొక్కుకున్నది. నీతో అనలేదు నేను, నీ ఇష్టానికి అడ్డం రాగూడదు కదా, స్వామికి చెప్పుకున్నా. నువ్వు పోనని చెప్పేసినావంట కదా మీ మేడమ్‌కి? మొన్న బేస్తవారం రాత్రి శ్రీకాంత్ చెప్పినాడు. అప్పుడు గదా నాకు ముద్ద దిగింది. ఇంక స్వామికి బాకీ పెట్టుకోవడం ఎందుకని శనివారమే వచ్చేస్తిమి."

నా చేతిలో గంధం గిన్నె. ఆమె తల నా ఎదురుగా, తెల్లగా, చిన్నగా, చిన్నపిల్ల తలలాగా. రెండు చోట్ల కత్తి తగిలి ఎర్రగా ఉంది. అక్కడ మళ్ళీ రాశాను. శ్రీకాంత్ కొబ్బరికాయ పట్టుకుని గుడి మెట్ల మీద నిలబడి నా వైపు చూశాడు. ఆయనకు అర్థమైంది. కొబ్బరికాయ వైపు తిరిగిపోయాడు.

ఇంటికొచ్చాక గదిలో అడిగాను. నేను చెప్పానా, పోనని?

"అమ్మ తిండి మానేసింది సుచీ. చూడలేకపోయినా. నువ్వెట్లాగూ పోవు కదా అని చెప్పేసినా."

"ఎట్లాగూ పోనని మీకెవరు చెప్పారు?"

"పోతానని కూడా చెప్పలేదు కదా."

నిజమే. చెప్పలేదు. ఈ పుస్తకం నిండా అదే ఉంది.

"మీరు అడిగారా?"

"నీ ఇష్టం అన్నా కదా!"

"అన్నారు. అడగలేదు."

ఆయన మంచం మీద కూలబడ్డాడు. కాసేపటికి మెల్లగా, "ఇప్పుడింక ఏమనుకుంటావ్ సుచీ? అమ్మ తల చూసినాక కూడా..." అని ఆగిపోయాడు.

అదీ సంగతి. జాలీ అయితే అట్లకాడతో గడియ తీస్తాను. ఆ గుండును ఏం పెట్టి తీయను? పోతానంటే దేవుడి దగ్గర ఆమె మాట పోతుంది. నాకింక దారి లేదు. దేవుడిని కూడా తెచ్చి తలుపుకు అడ్డం నిలబెట్టేశారు. కోపం ఎవరి మీద తెచ్చుకోవాలో తెలియక రాత్రంతా గోడ వైపు తిరిగి పడుకున్నాను.

పోను. అంతే. రేపు మేడమ్‌తో పోనని చెప్పేస్తాను. ఏసీ ఉంది, కుర్చీ ఉంది, పచ్చరాయి నేల ఉంది.

జూన్ 22, సాయంత్రం

పొద్దున పై మాటలు రాసి, పని ఉందని చెప్పి మేడ మీదనే ఉండిపోయాను. కింద వీధిలో వాళ్ళంతా అత్తమ్మ గుండు చూడ్డానికి వస్తున్నారు. పక్కింటి నాగమల్లేశ్వరమ్మ గొంతు మెట్ల మీది నుంచి వినిపించింది. "ఏం మొక్కు వదినా?"

"మా కోడలు మమ్మల్ని ఇడిసి పోకూడదని. దానికి పెద్ద ఉద్యోగం ఇస్తామన్నా వద్దనింది. మా మీద అంత పేగుబంధం దానికి."

"ఈ కాలంలో అట్లాంటి పిల్ల యాడుంది!"

ఆ మాటతో నాకు ఊపిరి ఆడలేదు. ఏసీ నడుస్తూనే ఉంది. లేచి కిందికి పోదామని వచ్చాను. గడియ వేసే ఉంది. అట్లకాడ దూర్చాను. అది చెయ్యి జారి మెట్ల మీద గణగణమంటూ కింద దాకా దొర్లిపోయింది.

చప్పుడుకు అత్తమ్మ పైకి వచ్చింది. తల మీద తడిగుడ్డ. చేతిలో అట్లకాడ.

"ఇదేంది పాపా, వంటింట్లో ఎతుకుతాంటే ఇక్కడుందా!" అంటూ గడియ మీద చెయ్యి వేసింది.

"అత్తా, నేను పోనని చెప్పలేదు."

అనేశాను. ఎట్లా వచ్చిందో తెలియదు. అద్దం ముందు అనుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. "మేడమ్‌కు నేనేం చెప్పలేదు. ఆయనకూ చెప్పలేదు. నాకు పోవాలని ఉందత్తా. మొదటి రోజు నుంచీ ఉంది."

గడియ మీద చెయ్యి అట్లాగే ఆగిపోయింది. జాలీ సందుల్లోంచి నన్నే చూసింది. తడిగుడ్డ జారి భుజం మీద పడింది, తీసుకోలేదు.

తర్వాత గడియ తీయకుండానే వెనక్కి తిరిగి దిగిపోయింది.

జాలీ పట్టుకుని నిలబడ్డాను. కింద ముందు ఏమీ వినపడలేదు. తర్వాత తోడేళ్ళను అదిలించిన ఆ గొంతు లేచింది.

"ఒరే శ్రీకాంతూ! దేవుని కాడ నాతో అబద్ధం చెప్పిచ్చినావు కదరా!"

"అమ్మా, నీకు బీపీ అని..."

"నా బీపీ కోసరం స్వామిని మోసం చేస్తావా? కాని పనికి మొక్కు తీర్పిస్తివే! తల తీసిచ్చి, చెంపలేసుకొని, మా మాట నిలబెట్టినావు తండ్రీ అని దండం పెట్టుకొని వస్తిని. ఆయన నవ్వుకుంటాంటాడు రా నన్ను చూసి!"

మామ ఏదో సర్దబోయాడు. "నువ్వు టీవీ చూసుకో పో" అంది.

చాలాసేపటికి మెట్ల మీద అడుగులు. వచ్చి గడియ లాగింది, తలుపు ఇంత బార్లా తెరిచింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నేను కాళ్ళు పట్టుకుందామని వంగబోయాను.

"లెయ్. నీ సంగతి చెప్తా ఉండు" అంది. "వాడు అబద్ధాలకోరు. మరి నీకేమైంది? ఇన్ని దినాలు నోట్లో ఏం పెట్టుకున్నావు? పోతా అనో, పోను అనో ఒక్క మాట అనేదానికి నోరు లేదా? నీకు నోరు లేకపోబట్టే కదా నా తల బోడయ్యింది!"

ఏడుస్తున్న దాన్ని నవ్వేశాను. ఆమె నవ్వలేదు.

"నవ్వమాక. నా కోపం పోలేదు నీ మీద."

"మీరంతా నీ ఇష్టం, నీ ఇష్టం అన్నారు కదత్తా. వద్దని ఒక్క మాట అనుంటే..."

"అనాల్సింది" అంది. నా కొత్త కుర్చీలో కూర్చుంది. అలవాటుగా చెయ్యి మౌస్ మీదికి పోయింది, రెండు వేళ్ళతో తిప్పింది. ఆదివారం, చుక్క ఏమీ లేదు. "నాకు నువ్వు పోవడం ఇష్టం లేదు. వినపడిందా? ఈ ఇంట్లో నాతో మాట్లాడే మనిషివి నువ్వొక్కదానివే. నువ్వు పోతే పొద్దుగుంకులూ వాని మొహం, వాళ్ళ నాయన మొహం చూసుకుంటా కూచోవాల. నాకు అస్సలు ఇష్టం లేదు."

"అయితే పోనులే అత్తా."

"మళ్ళీ మొదలుపెట్టినావా!" అని అట్లకాడ ఎత్తింది. నిజంగానే కొడుతుందనుకున్నాను. "నా ఇష్టం నేను చెప్పినా. నీ ఇష్టం నువ్వు చెప్పినావు. ఇంక ఎవరి కాళ్ళు వాళ్ళవి."

తల నిమురుకుంది, గరుకుగా ఉన్నట్టుంది, చెయ్యి తీసేసింది.

"మరి మొక్కు అత్తా?"

"అది నాకూ ఆయనకూ ఉన్నది. నడుమన నువ్వెవరు? దేవునితో నేను చెప్పుకుంటాలే. నువ్వు పోయి మీ మేడమ్‌తో చెప్పు."

దిగిపోతూ తలుపు దగ్గర ఆగింది. కోతులకని గడియ వేయబోయి, మానేసింది. అట్లకాడ మాత్రం తీసుకుపోయింది.

శ్రీకాంత్ ఇంతవరకూ పైకి రాలేదు. కింద వరండాలో ఒక్కడే కూర్చున్నాడు. పోయి పక్కన కూర్చోవాలి. పోతున్నానని ఆయనకు కూడా నా నోటితోనే చెప్పాలి.

జూన్ 23, సోమవారం

చెప్పాను.